లేని ఊచకు గట్టి కాపలా

మా భవనంలో మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య, మెట్లు మలుపు తిరిగే చోట, రెయిలింగుకి ఒక ఇనుప ఊచ లేదనీ, ఆ లేకపోవడాన్ని నలభై రెండు కుటుంబాలవాళ్ళం మూడు నెలలపాటు ప్రజాస్వామ్య పద్ధతిలో కాపాడుకున్నామనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

ఊచ ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. ఉన్నప్పుడు దాన్ని ఎవరూ చూడలేదు. పోయాక నేను చూశాను. మాది నాలుగో అంతస్తు. మా బుడ్డదానికి రెండేళ్ళ నాలుగు నెలలు. అది పాలు తాగే స్టీలు గిన్నె పట్టుకెళ్ళి ఆ సందులో పెట్టి చూశాను. గిన్నె అటువైపు దూరిపోయింది. అదే గిన్నెను ఇంటికి తెచ్చి దాని నెత్తిమీద బోర్లించాను. కొలిచి చేయించినట్టు సరిపోయింది. అది కిలకిలా నవ్వింది. నాకు ఆ పూట ముద్ద దిగలేదు.

"గ్రూపులో పెట్టు. అందులో పెద్దవాళ్ళున్నారు, వాళ్ళే చూసుకుంటారు" అన్నాడు మా ఆయన. ఆయన మందుల గోదాములో పనిచేస్తాడు. ఎక్కడ ఏం పెట్టాలో ఆయనకి బాగా తెలుసు.

పెద్దవాళ్ళు ఉన్న మాట నిజమే. నీళ్ళు ఎప్పుడు వదులుతారో ఒకరికొకరు ఫోనులో చెప్పుకోవడానికి పుట్టిన వేదిక అది. నేను చేరేనాటికి బాగా ఎదిగిపోయింది. నీళ్ళ గురించి ఎవరైనా అడిగితే "దయచేసి విషయం మీద ఉండండి" అని జవాబు వచ్చేది. విషయం అంటే దేశం. ప్రభుత్వం జనం ఫోన్లు వినొచ్చా, ఊరేగింపులు ఆపొచ్చా, గుర్తింపు కార్డు చూపించనివాణ్ణి మనిషి కింద జమకట్టొచ్చా అన్నవి అక్కడ పొద్దున పళ్ళు తోముకునే వేళకే తేలిపోయేవి. మధ్యాహ్నానికి మళ్ళీ మొదలయ్యేవి.

భద్రత పక్షానికి నాయకులు రిటైరైన జైలరు గారు. స్వేచ్ఛ పక్షానికి వకీలు గారు. ఇద్దరివీ అయిదో అంతస్తులో ఎదురెదురు తలుపులు. వేదికలో ఈయన ఆయన్ని అరాచకవాది అంటే, ఆయన ఈయన్ని నియంత అనేవారు. మెట్లమీద ఎదురుపడితే మాత్రం "మీరు ముందు పదండి", "అయ్యో, మీరే పదండి" అని ఇద్దరూ గోడకి అతుక్కుపోయి, ఎవరిదో ఒకరి ఫోను మోగేదాకా అలాగే నిలబడేవారు. అంతటి సంస్కారవంతులు.

నేను రాసింది రెండే ముక్కలు: "మూడో అంతస్తు పైన మెట్లకి ఒక ఊచ లేదు. పిల్లలు పడతారు. ఎవరికి చెప్పాలి?"

ఎవరికి చెప్పాలో తప్ప మిగతావన్నీ చెప్పారు. బియ్యం కడిగి పొయ్యిమీద పెట్టి వచ్చేసరికి ముప్ఫై ఒక్క జవాబులు. "ఈ తల్లి ప్రశ్న చిన్నదిగా కనిపించే పెద్ద ప్రశ్న" అని జైలరు గారు ప్రారంభించారు. "ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నేను ఒక్క ఊచ పోనివ్వలేదు. ఊచ ఉన్నచోట మనిషి క్షేమంగా ఉంటాడు. నా దగ్గర ఉన్నవాళ్ళెవరూ మెట్లమీంచి పడలేదు." వకీలు గారు ఊరుకోలేదు. "ఈ రోజు మెట్లకి ఊచ అంటారు, రేపు కిటికీకి అంటారు, ఎల్లుండి నోటికి అంటారు. ఒక పౌరురాలు ఎటు పడాలో నిర్ణయించే అధికారం మనకెవరిచ్చారు?" అన్నారు. ఆ పౌరురాలు అప్పటికి నా చీర కుచ్చిళ్ళలో దూరి ముక్కు తుడుచుకుంటోంది.

రెండో అంతస్తు టీచరమ్మ ఓటింగు పెడదామన్నారు. ఓటింగు రహస్యంగానా బహిరంగంగానా అన్నదానిమీద నాలుగు రోజులు నడిచింది. ఎవరో శుభోదయం అని గులాబీ పువ్వు పంపారు. ఆ పువ్వు ఏ పక్షమో చెప్పాలని ఇద్దరు నిలదీశారు. పాపం, పువ్వు పంపినాయన వేదికలోంచి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళిపోవడం స్వేచ్ఛా, బహిష్కరణా అని మరో వారం.

మా ఆయనకి విసుగొచ్చి ఒక ఆదివారం బట్టలారేసే తాడు తెచ్చి ఆ సందుకి అడ్డంగా నాలుగు చుట్లు చుట్టాడు. సాయంత్రానికి తాడు లేదు. మా తలుపు సందులో ఒక కాగితం ఉంది. చర్చలో ఉన్న అంశంమీద ఏ పక్షమూ చెయ్యి వేయరాదనీ, చర్చ ముగిసేవరకు యథాతథ స్థితి కొనసాగాలనీ, ఏకపక్షంగా తాడు కట్టినందుకు విచారం వ్యక్తం చేస్తున్నామనీ అందులో ఉంది. కింద రెండు పక్షాల సంతకాలూ ఉన్నాయి.

"తాడేదీ?" అన్నాడు మా ఆయన.

"యథాతథ స్థితి" అన్నాను.

"అంటే?"

"బొక్క బొక్కలాగే ఉండాలి."

"దాని మొహం! ఇందుకా అంతమంది చదువుకున్నది?" అంది మా అత్తయ్య లోపల్నించి. అత్తయ్యకి వేదికలో సభ్యత్వం లేదు. అందుకే అలా తేలిగ్గా మాట్లాడగలిగింది.

ఇకముందు ఎవరూ ఆ సందు మూసెయ్యకుండా చూడాలి కాబట్టి అక్కడ కెమెరా పెట్టాలన్నారు జైలరు గారు. నిఘాకి ప్రాణం పోయినా ఒప్పుకోనన్నారు వకీలు గారు. తొమ్మిది రోజుల సంప్రదింపుల తర్వాత చారిత్రక ఒప్పందం కుదిరింది. కెమెరా ఉంటుంది, అన్నీ రికార్డు చేస్తుంది. కానీ ఇద్దరు నాయకులూ కలిసి ఒప్పుకుంటే తప్ప దాన్ని ఎవరూ చూడకూడదు. భద్రత పక్షానికి కెమెరా దక్కింది, స్వేచ్ఛ పక్షానికి అది గుడ్డిదన్న తృప్తి దక్కింది. గోడకి నాలుగు రంధ్రాలు చేసి దాన్ని బిగించారు. బిగించినవాణ్ణి "అన్నా, చేతిలో డ్రిల్లుంది కదా, పనిలో పనిగా ఆ ఊచ కూడా..." అన్నాను. "నాకు చెప్పింది కెమెరా ఒక్కటేనమ్మా" అన్నాడు. అతను కూడా యథాతథ స్థితిని గౌరవించేవాడే.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. ఆ తర్వాత నేను రాసినవి సరుకుల చీటీలే. ఊచ గురించి పోట్లాడటానికి వేదికలో రోజూ నాలుగు వాక్యాలు రాయాల్సి వచ్చేది. ఎదుటివాళ్ళు వాడిన పెద్ద మాటల్ని ఒక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని: సార్వభౌమత్వం, సహేతుకమైన ఆంక్షలు, గోప్యత. పప్పు ఉడికేలోపు వాటిని ఒకటికి రెండుసార్లు పలికేదాన్ని. ఒకరోజు "బిడ్డ పడిపోయాక ఇచ్చే స్వేచ్ఛ బిడ్డకి పనికిరాదు" అని రాశాను. యాభై మంది మెచ్చుకున్నారు. మా భవనంలో నలభై రెండే ఇళ్ళు కదా అని అడక్కండి. కొందరు రెండేసి ఫోన్లనుంచి మెచ్చుకుంటారు. "అమ్మా, మీలో ఒక వాగ్ధాటి ఉంది" అని స్వయంగా వకీలు గారు రాశారు. తొమ్మిదో తరగతి తర్వాత నా రాతకింద ఒకరు టిక్కు పెట్టడం అదే మొదటిసారి. ఆ వాక్యాన్ని మా ఆయనకి చూపించాను, అత్తయ్యకి చదివి వినిపించాను, మళ్ళీ నేనొక్కదాన్నే చూసుకున్నాను.

ఆ తర్వాత నేను ఊచకోసం రాశానో, టిక్కుకోసం రాశానో సరిగ్గా చెప్పలేను. ఊచ ఉంటే చర్చ ఉండదన్న సంగతి మాత్రం నాకు ఒకటి రెండుసార్లు తట్టింది. తట్టిన వెంటనే పొయ్యి తుడిచాను.

మా భవనంలో ఇళ్ళ లోపల సిగ్నలు అందదు. అందుకని మేధావులందరూ మెట్లమీదికి వచ్చి రాస్తారు. ఒక బుధవారం పదకొండు గంటలవేళ నేనూ వచ్చాను. బుడ్డదానికి రెండు చెంచాలిచ్చి గుమ్మంలో కూర్చోబెట్టి, సిగ్నలు బాగా అందే మూల గోడవైపు తిరిగి, ఒక దీర్ఘమైన సమాధానం మొదలుపెట్టాను. "పిల్లల క్షేమం విషయంలో ఒక్క క్షణం ఏమరుపాటు కూడా క్షమించరానిది" అన్నది అందులో మొదటి వాక్యం. బాగా వచ్చింది. ఇంకా బాగా రావాలని దిద్దుతున్నాను.

అంతలో వేదికలో ఎవరో రాశారు: "మెట్లమీద ఎవరి పిల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. ప్రశాంతత పౌరుల హక్కు కాదా?"

జైలరు గారు వెంటనే శబ్దాలకి వేళలు నిర్ణయించాలన్నారు. ఏడుపు భావప్రకటన కిందికి వస్తుందని వకీలు గారు అడ్డుకున్నారు. ఏడుపులో భావం ఉందా లేక శబ్దమేనా అని టీచరమ్మ అడిగారు. ఏడుపు నాకూ వినిపిస్తూనే ఉంది. మా మెట్లలో ఏ శబ్దమైనా పైకీ కిందికీ కొట్టుకుని ఎక్కడిదో తెలియకుండా పోతుంది. పాపం ఎవరి బిడ్డో, ఆ తల్లికి బుద్ధి ఉందా అనుకున్నాను. అనుకుని, నా దీర్ఘ సమాధానం పక్కనపెట్టి ఇది రాశాను: "ఏడవడం బిడ్డ జన్మహక్కు. దాన్ని ఎవరూ అణచలేరు." పంపాను. అప్పటికప్పుడే తొమ్మిది మంది మెచ్చుకున్నారు.

తొమ్మిదోది చూస్తుండగా మెట్లు కడిగే అక్క కిందినుంచి అరిచింది. "ఏమ్మోయ్! నాలుగో అంతస్తమ్మా! నీ పిల్లేనమ్మా!"

ఏడు మెట్లు ఎలా దిగానో తెలియదు. బుడ్డది సందులో తల దూర్చింది. గిన్నె చెప్పని సంగతి ఒకటుంది. గిన్నెకి చెవులుండవు. వెళ్ళేటప్పుడు వెనక్కి ముడుచుకున్న చెవులు వచ్చేటప్పుడు రెండు ఊచలకీ అడ్డం పడ్డాయి. తల అవతల గాలిలో, ఒళ్ళు ఇవతల మెట్టుమీద. మొహం టమాటాలా ఉంది. ఒక చెంచా మూడంతస్తుల కింద పడి ఉంది.

నేను కూడా ఏడుపు మొదలుపెట్టాను.

"నువ్వెందుకు? అది ఏడుస్తోంది కదా, చాలు" అంది అక్క. బకెట్లోంచి సబ్బు నురగ తీసి దాని చెవులకి పట్టించింది. "తల పట్టుకో. అటు కాదు, చెవులు లోపలికి మడువు. ముందు ఆ ఫోను కింద పెట్టమ్మా తల్లీ, రెండు చేతులూ కావాలి!"

పెట్టాను. అప్పటిదాకా అది చేతిలో ఉన్న సంగతి నాకు తెలియదు. బుడ్డది చేపలా జారి నా ఒళ్ళోకి వచ్చింది. రెండు చెవులూ ఉన్నాయి. మూడుసార్లు చూసుకున్నాను.

అక్క తమ్ముడు పక్క వీధిలో గేట్లు అతికే పని చేస్తాడు. ఆమె ఫోను చేస్తే అరగంటలో వచ్చాడు. సందు చూశాడు. సందుకి కాపలా ఉన్న కెమెరాను చూశాడు.

"ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదా వీళ్ళకి?"

"చెప్పకపోవడమేంట్రా, మూడు నెలలుగా అదే చెప్పుకుంటున్నారు" అంది అక్క.

టీ చల్లారేలోపు ఊచ పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు వేదిక అట్టుడికిపోయింది. యథాతథ స్థితిని ఉల్లంఘించినదెవరు? పిల్ల ఏడుస్తుంటే పట్టించుకోనిదెవరు? నిజం బయటికి రావాలని జైలరు గారు గర్జించారు. పారదర్శకతే ప్రజాస్వామ్యానికి ప్రాణమని వకీలు గారు ఒప్పుకున్నారు. వాళ్ళిద్దరూ ఒక మాటమీదికి రావడం చూసి అందరికీ భయం వేసింది. రికార్డింగు చూడటానికి సమావేశం జైలరు గారి ముందుగదిలో జరిగింది. బాధితురాలి తల్లిగా నన్నూ పిలిచారు. బుడ్డదాన్ని చంకనేసుకుని వెళ్ళాను.

బొమ్మ చాలా స్పష్టంగా ఉంది. మంచి కెమెరా. బుడ్డది ఇరుక్కుంది. కాసేపటికి జైలరు గారు ఫోనులో రాసుకుంటూ మెట్లు దిగారు. పిల్ల కాలు తగలకుండా ఒద్దికగా పక్కకి జరిగి, రాస్తూనే వెళ్ళిపోయారు. తర్వాత వకీలు గారు ఫోను చూసుకుంటూ పైకి ఎక్కారు. ఇరుక్కున్న వీపుమీద చెయ్యివేసి ముద్దుగా తట్టి, రాస్తూనే వెళ్ళిపోయారు. టీచరమ్మ వచ్చారు. ఆగారు. చెవిలో దూది పెట్టుకుని, రాస్తూ వెళ్ళారు. ఆ వెనుక ఇంకో ముగ్గురు. వీళ్ళందరికీ పైన, బొమ్మ అంచున, ఏడు మెట్ల ఎత్తులో, మొదటినుంచి అక్క అరిచేదాకా కదలకుండా ఒక వీపు కనిపిస్తూనే ఉంది. గళ్ళ జాకెట్టు. నాదే.

జైలరు గారు వకీలు గారిని చూశారు. వకీలు గారు నన్ను చూశారు. నేను గోడమీద గడియారాన్ని చూశాను.

"వ్యక్తుల గోప్యత..." అన్నారు జైలరు గారు.

"భవనం భద్రత దృష్ట్యా కూడా..." అన్నారు వకీలు గారు.

మూడు నెలల్లో ఒకరి మాట ఒకరు వాడుకోవడం అదే మొదలు. పౌరహక్కులనూ భద్రతనూ సమానంగా గౌరవిస్తూ రికార్డింగును శాశ్వతంగా చెరిపివేయాలని ఉమ్మడి తీర్మానం వేదికలోకి వచ్చింది. అందులో ఏముందని ఎవరూ అడగలేదు. మెట్లమీద రాసేవాళ్ళే అందరూ. అప్పటికప్పుడు నలభై ఒక్క ఓట్లు పడ్డాయి.

"ఏముందంట అందులో?" అన్నాడు మా ఆయన, బూట్లు విప్పుకుంటూ.

"ఏమీ లేదు" అన్నాను. "మెట్లు."

సిగ్నలుకోసం గుమ్మం బయట మెట్టుమీద కూర్చున్నాను, బుడ్డది ఒళ్ళో ఉంది. ఈమధ్య అది ఫోనులో ఏది కనిపించినా వేలు చూపించి "అమ్మ" అంటోంది. నలభై రెండో ఓటు నొక్కేముందు దాని కళ్ళు చేత్తో మూశాను.