నడుముకు పైన తెనాలి, కింద బాపట్ల

భగవంతుడు మనిషికి నడుము పెట్టింది వంగడానికని ఇన్నాళ్ళూ పొరబడ్డాం. అది పరిపాలనా సౌలభ్యం కోసమని 1968లో వ్యాధి విభజన శాఖవారు తేల్చి చెప్పారు. నడుముకు పైన వచ్చే జబ్బులు తెనాలికి, కింద వచ్చేవి బాపట్లకు చెందుతాయి. నడుము మాత్రం రేపల్లెది. (అక్కడి ఆఫీసు మంగళవారాల్లోనే తీస్తారు.)

మనిషికి ఒకే చీటీ, చీటీకి ఒకే జబ్బు. ఈ ఏర్పాటు ఎంత సవ్యంగా నడిచిందంటే, తెనాలి ఆఫీసులో విభజనాధికారి చెంచురామయ్యగారికి రోగుల మొహం చూడాల్సిన అవసరమే ఉండేది కాదు. నాది నడుము నొప్పి. ఏ మంగళవారం రేపల్లె వెళ్ళాలో అడగడానికి వచ్చి, ఆయన ఎదుటి బెంచీ మీద రోజుల తరబడి కూర్చున్నాను కాబట్టి ఇదంతా కళ్ళారా చూశాను.

నిజాంపట్నం నుంచి సింగరయ్య వచ్చాడు, సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. కాళ్ళ నిండా ఎర్రటి మచ్చలు, మెడ మీద గడ్డ. వెంట భార్య రత్తాలు.

"రేపల్లెలో డాక్టరమ్మ ప్రమీలారాణిగారు పంపారండి," అంది రత్తాలు. "ఆ మచ్చలు రక్తనాళాల వాపంటండి. ఒక్కోసారి లోపల కేన్సరుంటే ఆ వాపే ముందు బయటపడుద్దంట. మెడా కాళ్ళూ కలిపి ఒకేచోట చూడాలి, ఆలస్యమైతే మనిషి దక్కడన్నారండి."

"కలిపి ఎలా చూస్తారమ్మా?" అన్నారు చెంచురామయ్యగారు. "మెడ ఇక్కడ ఉంచి కాళ్ళు బాపట్ల పంపించు."

"రెండూ నాయేనండి," అన్నాడు సింగరయ్య.

"అది నీ సొంత విషయం."

"రక్తం కాళ్ళ నుంచి పైకి పోద్ది గదండి?"

చెంచురామయ్యగారు కళ్ళజోడు తీశారు. "పోతుందా? ఎవరి అనుమతితో?"

రత్తాలు చేపల బేరంలో ఆరితేరిన మనిషి. "అయితే ఆ గడ్డ నా పేరున రాయండి బాబూ. చీటీలు రెండవుతాయి గదా!"

నిబంధనలు తిరగేశారు. భార్య అర్ధాంగి గనక భర్త ఒంట్లో సగం ఆమెదే. ఏ సగమో ఎక్కడా రాసి లేదు గనక పై సగం రత్తాలుకు రాశారు.

పరీక్షకు ముక్క తీసింది సింగరయ్య మెడ నుంచి. కేన్సరని తేలింది రత్తాలుకు. వెంటనే ఆమెకు ఆ ఆఫీసు ఆసుపత్రిలోనే మంచం, పాలు, రోజూ సూదిమందు ఏర్పాటయ్యాయి. సింగరయ్యకు బాపట్ల నుంచి మచ్చలకు పూత మందు వచ్చింది.

"జబ్బు ఆయనది బాబూ! ఈ మంచం ఆయనకియ్యండి! నా మనిషి చచ్చిపోతున్నాడు!" అని రత్తాలు మొత్తుకుంది.

"పేరు మార్చాలంటే ఆయన సంతకం కావాలమ్మా. సంతకం పెట్టే చెయ్యి నడుముకు పైనుంది. అది నీది."

"అయితే నేనే వేలిముద్ర వేస్తా!"

"మంచాన ఉన్న రోగి వేలిముద్ర చెల్లదు."

(ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మండేది నడుముకు పైనో కిందో తేలాక ఫిర్యాదు చేస్తాను.)

డాక్టరమ్మ స్వయంగా రైలెక్కి వచ్చి, ఆ వాపుకూ ఈ కేన్సరుకూ సంబంధం ఉందని బల్ల గుద్ది చెప్పారు.

"ఉండదా మరి," అన్నారు చెంచురామయ్యగారు ప్రసన్నంగా. "భార్యాభర్తలు."

సింగరయ్య వరండాలో, రోగులకు తోడుగా వచ్చినవాళ్ళు పడుకునే చోట, చాప మీద పోయాడు. కాళ్ళ మచ్చల వల్ల పోయాడని బాపట్లకు కబురు చేశారు. అదే వారం రత్తాలును మళ్ళీ పరీక్షిస్తే ఒంట్లో కేన్సరు ఆనవాలే లేదు. ఇంత సంపూర్ణంగా నయమైన రోగి శాఖ చరిత్రలోనే లేరని అందరూ సంతోషించారు. పూలదండ తెప్పించారు.

"కేన్సరును జయించావు," అన్నారు చెంచురామయ్యగారు. "ఏడుస్తావేంటమ్మా?"