అలుగు కాలువకు సునామీ గోడ

సముద్రానికి దూరంగా ఉన్నామన్న నిర్లక్ష్యం ఇక చెల్లదని జిల్లా సునామీ సంసిద్ధతా సంఘం నల్గొండలో ప్రకటించింది. సంఘం కార్యదర్శి కమలాకర్ ఒక రేవు పట్టణంలో శిక్షణ పొంది వచ్చారు. అక్కడి పాత అలల అడ్డుగోడలు, రేవు గట్లు, గిడ్డంగుల గోడలు సునామీ కోసం కట్టినవి కాకపోయినా కెరటం జోరును తగ్గిస్తాయని, ఊళ్లోకి వచ్చే నీరు తగ్గుతుందని నేర్చుకున్నారు. ఇది నిజం. ఉన్న కట్టడాన్ని కూల్చే ముందు ఆలోచించాలని కూడా అక్కడ చెప్పారు. ఆయనకు ఈ వాక్యం ఎక్కువ నచ్చింది.

నల్గొండ శివారులో ఒక చెరువు ఉంది. దాని అలుగు నీళ్లు పోయే కాలువకు అడ్డంగా ప్రేమ్‌సాగర్ అనే పెద్దమనిషి ఫంక్షన్ హాలు కట్టి, చుట్టూ ప్రహరీ లేపారు. అప్పటినుంచి వానాకాలంలో నీళ్లు ఆ ప్రహరీకి తగిలి వెనుక కాలనీలోకి మళ్లుతున్నాయి. అక్కడ మొదటి ఇల్లు పుల్లమ్మది. దాని గోడ ఒకటి నిరుడే కూలింది. ఈ వానలకు ముందే ప్రహరీ తీసేయాలని ఆమె అర్జీ పెట్టుకుంది.

ఆ అర్జీ మీద సంఘం పరిశీలనకు వచ్చింది. కమలాకర్ ప్రహరీని తట్టి చూశారు.

"రేవు పట్టణాల ప్రజలు ఇలాంటి గోడ కోసం తపిస్తున్నారు. మనకు అది ముందే ఉండడం జిల్లా అదృష్టం" అని ప్రసంగించారు. ప్రేమ్‌సాగర్ వేయించిన కుర్చీల్లో కూర్చున్నవారు చప్పట్లు కొట్టారు.

"సముద్రం గీడికి ఎప్పుడొస్తది సారూ?" అని పుల్లమ్మ అడిగింది.

"వచ్చినంక కడ్తమా అవ్వా గోడ?" అన్నారు కమలాకర్.

"గది వస్తే నేనే చీపురు పట్టి ఎల్లగొడ్త. నా పంచాయితీ చెరువు నీళ్లతోని. గోడకు జర సందు పెట్టుండ్రి, వాటి తొవ్వన అవి పోతయి."

"సందు పెడితే సునామీ లోపలికి రాదా?"

"రానియ్యుండ్రి. హాల్ల ఏసీ ఉన్నది, కూసుంటది."

ప్రహరీని రక్షిత కట్టడంగా ప్రకటించారు. కూల్చడం నేరమని బోర్డు పెట్టారు.

ఆగస్టులో చెరువు నిండి అలుగు పారింది. తెల్లారేసరికి పుల్లమ్మ ఇంటి మిగతా గోడలూ కూలాయి. ఆమెను బడిలో ఉంచారు. సంఘం మళ్లీ వచ్చింది. హాలు నేల పొడిగా ఉందని, సముద్రపు నీరు ఒక్క చుక్క కూడా జిల్లాలో ప్రవేశించలేదని నివేదించింది. పుల్లమ్మ ఇంట్లోవి చెరువు నీళ్లు కనుక సంఘం పరిధిలోకి రావని తేల్చింది.

శ్రావణంలో ఆ హాలుకు ఒక్క ముహూర్తమూ ఖాళీ లేదు. పెళ్లి కార్డులు మనకూ వచ్చాయి. వెళ్లాం. చెప్పులు తడవలేదు. బగారన్నం తిని చేతులు కడుక్కుంటూ ప్రహరీ అవతల నిలిచిన నీళ్లను చూశాం. చూసి ఊరుకోలేదు. ఇన్ని దోమలుంటే పెళ్లివారు ఎలా కూర్చుంటారని హాలు యాజమాన్యాన్ని గట్టిగా నిలదీశాం.