నీలవేణి ఓడలో రెండు కిలోల తొక్కు

ఇకమీదట సముద్రం మీద ఎవరూ తప్పిపోకూడదని మాదాపూర్‌లోని ఒక అద్దాల భవనం తొమ్మిదో అంతస్తులో తీర్మానం జరిగింది. సముద్రానికి విడిగా కబురు పెట్టలేదు. దానికి తెలిసే ఉంటుందని అనుకున్నారు.

తీర్మానం ఊరికే చేయలేదు. ఆ అంతస్తులో ఉన్న సంస్థకు ఆరు బుల్లి ఉపగ్రహాలున్నాయి. ఒక్కొక్కటి ఇంట్లో బియ్యం డబ్బా అంత ఉంటుంది. ప్రతి ఓడా తన పేరూ, ఉన్న చోటూ, వేగమూ రేడియోలో చెప్పుకుంటూ పోతుంది. పైన తిరిగే ఉపగ్రహం ఆ మాట విని తొమ్మిదో అంతస్తుకు చేరవేస్తుంది. అక్కడ దాన్ని నమోదు చేసే బాధ్యత విశ్వేశ్వరరావుగారిది. కాకినాడలో ఒక రేవు ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్లు చేసి, రిటైరై, కూకట్‌పల్లిలో స్థిరపడ్డ మనిషి. ఇక్కడ ఆయన హోదా 'నౌకా హాజరు అధికారి'. రోజూ పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చి, కంప్యూటరు మూలన అతికించిన వేంకటేశ్వరస్వామి బొమ్మకు దణ్ణం పెట్టి, నలభై వేల ఓడలకు హాజరు వేస్తారు.

హాజరు అన్నది మాటవరసకు కాదు. ఈ సంస్థ ఉపగ్రహాల్లోకి దిగక ముందు సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు అటెండెన్స్ యాప్ తయారుచేసేది. చక్కగా పనిచేస్తున్న యాప్‌ను పారేయడం దేనికని, 'ఉద్యోగి' అన్న చోటల్లా 'ఓడ' అని మార్చారు. కనుక రేవులో ఆగిన ఓడ లంచ్‌లో ఉన్నట్టు. నెమ్మదిగా నడిచేది లేట్ లాగిన్. (మూడు లేట్లయితే ఓడకు సగం రోజు సెలవు కోత పడుతుంది. ఇంతవరకు ఏ ఓడా అభ్యంతరం చెప్పలేదు.) ఇక రేడియో పూర్తిగా మూగబోయిన ఓడ వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నట్టు. దానికి పచ్చరంగు. పచ్చరంగు ఓడల గురించి ఎవరూ కంగారు పడరాదని నియమం.

ఆ బుధవారం, ఆ అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే సరిత తుడుపు కర్ర గోడకు ఆనించి ఆయన బల్ల దగ్గరికొచ్చింది.

"సార్, జర ఒక మాట అడగాలె."

"అడుగమ్మా."

"మా ఆయన శ్రీను ఓడల వంట జేస్తడు. మొదలు మియాపూర్ల హాస్టల్ల జేసెటోడు. నాలుగు నెలలాయె పోయి. ఇప్పుడు ఫోన్ చేసి పదకొండు రోజులైతుంది. మీ టీవీలల్ల ఓడలన్నీ కనవడ్తయంట గద? గా ఓడ పేరు నీలవేణి."

విశ్వేశ్వరరావుగారు వెతికారు. అరేబియా సముద్రంలో, చివరిసారి దాని మాట వినబడిన చోట, ఒక చుక్క. పచ్చగా ఉంది.

"వర్క్ ఫ్రమ్ హోమ్ అని చూపిస్తోందమ్మా."

"ఇంట్ల లేడు సార్. ఇంట్ల ఉంటే నేను గిట్ల ఎందుకొస్త?"

ఆయన వెనకటి రోజుల హాజరు తెరిచి చూశారు. పదకొండు రోజులుగా రోజూ దణ్ణం పెట్టుకుని మరీ ఆ ఓడకు హాజరు వేసింది తనే.

ఓడ ఏమైందో చూసి చెప్పమని దగ్గరి రేవుకు సంస్థ లేఖ రాయవచ్చు. దాని మీద సమాచార గోప్యతాధికారి కిరణ్మయి సంతకం కావాలి. కిరణ్మయి చెడ్డపిల్ల కాదు. శనివారాలు ఉపవాసం ఉంటుంది. కానీ నియమం నియమమే.

"రాద్దాం అంకుల్. కానీ ఎవరడుగుతున్నారో ఉండాలి కదా. ఓడ యజమాని, బ్యాంకు, బీమా కంపెనీ, సరుకు యజమాని, ఈ నలుగురే అడగాలి. ఆవిడ ఏమవుతారు?"

"భార్యమ్మా."

"ఓడకా?"

"ఓడలో వంటాయనకి."

"వంటాయన మన డేటాలో లేరండీ. సిమెంటు ఉంది, పదహారు వేల టన్నులు. మనుషులకి కాలమ్ లేదు. అయినా ఓడకి కూడా ప్రైవసీ ఉంటుంది కదా అంకుల్."

(సిమెంటు యజమానులు అడగలేదా అంటే, అడగలేదు. సిమెంటుకు బీమా ఉంది. బీమా ఉన్నవాళ్లకు తొందర ఉండదు.)

విశ్వేశ్వరరావుగారు సీటుకొచ్చి స్వామి బొమ్మ వంక చూశారు. పైనున్నవాడు అంతా చూస్తుంటాడని చిన్నప్పటినుంచీ విన్నారు. చూసింది ఎవరికీ చెప్పడెందుకని ఒకటి రెండుసార్లు అడగాలనిపించి, తప్పేమోనని ఊరుకున్నారు. ఇవాళ కొత్త అనుమానం వచ్చింది. పాపం, అక్కడ కూడా ఎవరో సంతకం పెట్టాలేమో.

సరిత ఇంకా అక్కడే నిలబడి ఉంది. చప్పున ఆయనకు ఒకటి తట్టింది.

"ఏమ్మా, వెళ్లేటప్పుడు మీ ఆయనకి తినడానికేమైనా కట్టి ఇచ్చావా?"

"ఇచ్చిన సార్. మామిడికాయ తొక్కు, రెండు కిలోలు."

"ఆవకాయా?"

"ఆవకాయ గాదు సార్, తొక్కు."

"సరే, ఆ తగువు తర్వాత. డబ్బా ఎవరిది?"

"నాదే. స్టీలుది. పెండ్లికి మా అమ్మ పెట్టింది. పేరు గూడ కొట్టిచ్చింది."

సరిత ఫోన్‌లో ఫొటో ఉంది. బయల్దేరేరోజు శ్రీను కొత్త చొక్కాలో, ఫొటో స్టూడియోలో పిల్లను కూచోబెట్టుకున్నట్టు డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డబ్బా మీద చుక్కల అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి: 'సత్తెమ్మ తన బిడ్డ సరితకు'.

కిరణ్మయి ఆ ఫొటోను పెద్దది చేసి రెండుసార్లు చదివింది. ముఖం వెలిగిపోయింది.

"యజమాని పేరు ప్యాకింగ్ మీదే చెక్కి ఉందండీ! ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చిందో కూడా ఉంది. పెద్ద పెద్ద కంపెనీలే ఇంత శుభ్రంగా పంపవు అంకుల్."

అప్పటికప్పుడు సంతకం పెట్టేసింది. ఫారంలో సరుకు యజమాని: సరిత. సరుకు: తొక్కు. బరువు: రెండు కిలోలు. మంట పుట్టించే గుణం ఉందా అన్న ప్రశ్న దగ్గర విశ్వేశ్వరరావుగారు కాసేపు ఆలోచించి, అబద్ధం ఆడటం ఇష్టంలేక, ఉందని టిక్ పెట్టారు.

ఓడలో ఉన్న పద్దెనిమిదిమంది మనుషులు పదకొండు రోజులు కనబడకపోతే కదలని తీరం, మంట పుట్టించే సరుకు అనగానే కదిలింది. మర్నాడు మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. విశ్వేశ్వరరావుగారు గట్టిగా చదివారు.

"నీలవేణి లంగరు వేసి ఉంది. జనరేటరు చెడి రేడియో, ఫోన్లు ఆగిపోయాయి. మరమ్మతు జరుగుతోంది. రేవు నుంచి పడవలో మనిషిని పంపి సరుకు తనిఖీ చేయించాం. డబ్బాకు దెబ్బ తగల్లేదు. సరుకు మాత్రం మూడొంతులు తగ్గింది. తనిఖీ జరుగుతుండగానే వంటవాడు శ్రీను అందులోంచి చెంచాడు తీసి అన్నంలో కలుపుకున్నాడు. వద్దని చెప్పినా ఆపలేదు."

"తింటుండా సార్?" సరిత కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మంచిగ తింటుండా?"

"వద్దంటే కూడా తింటున్నాడమ్మా."

"గట్లనే తింటడు సార్, ఎవ్వలు జెప్పినా ఇనడు," అని ఫక్కున నవ్వింది. "ఇగ నాకేం ఫికర్ లేదు." ఆ నవ్వు విని కిరణ్మయి కూడా తన గదిలోంచి బయటికొచ్చి, సగం అర్థమై, మొత్తం నవ్వింది.

యాప్ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. దారిలో సరుకు తగ్గితే యజమాని తరఫున ఫిర్యాదు దానంతటదే నమోదవుతుంది. ఆరు ఉపగ్రహాలూ నలభై వేల ఓడలూ ఉన్న ఆ సంస్థ రికార్డుల్లోకి సముద్రం మీదున్న ఒక మనిషి పేరు ఎక్కడం అదే మొదటిసారి: శ్రీను, వంటవాడు, దొంగ.