పెళ్లికొడుకు మెమరీ

అమలాపురం గడియారస్తంభం దగ్గర వీడియో స్టూడియో నడిపే బుచ్చిరాజు ఆ ఉదయం వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. మొదటి బస్సుకి మలికిపురం వెళ్ళడం, కొబ్బరి వ్యాపారి బంగారరాజుగారి అమ్మాయి పెళ్లి వీడియో తీయడం, పనసపొట్టు కూరతో పెళ్లిభోజనం చేసి, ఎండ చల్లబడ్డాక ఇంటికొచ్చి పడుకోవడం. పగటి ముహూర్తం కాబట్టి లైట్ల బెడద కూడా లేదు.

ఉన్న బెడదల్లా సంచీలో ఉంది. రెండువేల తొమ్మిదిలో ఆ చుట్టుపక్కల ఇంకా అందరూ టేపుల కెమెరాలతోనే పెళ్లిళ్ళు తీస్తుంటే, బుచ్చిరాజు ఒక్కడూ టేపు లేని కెమెరా కొన్నాడు. అందులో టేపుకి బదులు మెమరీ కార్డు పెట్టాలి. కంపెనీవాళ్ళు అమ్మే అసలు కార్డు ధర వింటే, కెమెరా కొన్నవాడికి కూడా కళ్ళు తిరుగుతాయి. అందుకని బుచ్చిరాజు రాజమండ్రిలో ఎవరో చెబితే, అచ్చం అసలు కార్డులా కనిపించే ఓ డొల్ల డబ్బా కొని, అందులో సెల్‌ఫోన్‌లో వేసుకునేలాంటి చవక కార్డు దూర్చి వాడుతున్నాడు. అది అప్పటికే రెండు చిన్న పెళ్లిళ్ళలో మొరాయించింది. ఇంట్లో కంప్యూటర్ మీద వీడియో ముక్కలు కలిపి మిక్సింగ్ చేసేది అతని భార్య కృష్ణవేణి. పోయిన చోటల్లా ఫొటోలు అతికించి ఎలాగో గట్టెక్కించింది.

"అసలుది కొనండీ బాబూ. లేదంటే పాత టేపు కెమెరా పట్టుకెళ్ళండి," అంది ఆమె గుమ్మంలో నిలబడి.

"బంగారరాజుగారికి కొత్త కెమెరా అని చెప్పేనే. పాతది పట్టుకెళితే ఏం బాగుంటుంది?" అని బుచ్చిరాజు బస్సెక్కాడు.

మలికిపురంలో పెళ్లికూతురు సత్యశ్రీ చేసిన గౌరీపూజ చక్కగా రికార్డయింది. తర్వాత పెళ్లికొడుకు సాయిదుర్గాప్రసాద్ విడిదింటి నుంచి బాజాభజంత్రీలతో వచ్చాడు. అతను కొత్తపేట కుర్రాడు, బ్యాంకులో ఆఫీసరు. బుచ్చిరాజు అతని ముందు వెనక్కి నడుస్తూ, రెండుసార్లు వాద్యగాళ్ళ మీద పడబోతూ, ఊరేగింపంతా తీశాడు. పందిట్లో వరపూజ కూడా తీశాడు. ఎలా వచ్చిందో చూసుకుందామని వెనక్కి తిప్పితే పెళ్లికూతురు ఉంది. పెళ్లికొడుకు లేడు. ఊరేగింపు లేదు. కెమెరా తెర మీద ఒక పసుపు గుర్తు మాత్రం ఆరిపోతూ వెలుగుతూ ఉంది.

బుచ్చిరాజు సిగ్నల్ కోసం వంటశాల వెనక కొబ్బరిబొండాల కుప్ప దాకా వెళ్ళి, కృష్ణవేణికి ఫోన్ చేశాడు. అక్కడ కూడా సిగ్నల్ అంతంత మాత్రమే కాబట్టి గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"వేణీ, మెమరీ పోయిందే! ... పెళ్లికూతురిది శుభ్రంగా ఉంది. పెళ్లికొడుకుదే పోయింది ... ఏమీ గుర్తు పట్టట్లేదు. పైకి చూస్తే బానే ఉంది, లోపల ఖాళీ ... కాసేపు పనిచేస్తోంది, మళ్ళీ చచ్చిపోతోంది ... అబ్బే, వీళ్ళకి చెప్పలేదు! ఎలా చెప్తాం? ఎలాగోలా మూడుముళ్ళు పడేదాకా లాక్కొచ్చేస్తే చాలు!"

పాత కెమెరా తీసుకుని కారు మాట్లాడుకుని వస్తానని కృష్ణవేణి చెప్పింది. బుచ్చిరాజు కాస్త ఊపిరి పీల్చుకుని పందిట్లోకి వెళ్ళిపోయాడు. బొండాల కుప్పకి అవతల, వంటవాళ్ళకి మజ్జిగ పురమాయించడానికి వచ్చిన బంగారరాజు అప్పగారు కాంతం మాత్రం అక్కడే కొయ్యబారి నిలబడిపోయింది.

ఆవిడ తేరుకున్న వెంటనే తమ్ముణ్ణి పక్కకి లాగింది. "ఒరే, మన కొంప ములిగిందిరా. పెళ్లికొడుక్కి మెమరీ లేదట!"

"ఎవరు చెప్పేరు అక్కా?"

"వీడియో ఆయన ఎవరితోనో ఫోన్లో చెప్తున్నారు. మూడుముళ్ళు పడేదాకా మనకి చెప్పొద్దంట! ఏమీ గుర్తు పట్టట్లేదంట. పైకి బానే ఉంటాడంట, లోపల ఖాళీయంట!"

బంగారరాజుకి నమ్మబుద్ధి కాలేదు. నమ్మకుండా ఉండడానికి ధైర్యమూ చాలలేదు. "నువ్వెళ్ళి మెల్లిగా ఏవో నాలుగు ప్రశ్నలు అడిగి చూడు. అనుమానం రానీకు," అన్నాడు.

పందిట్లో బుచ్చిరాజు కెమెరాని ఒకసారి ఆపి మళ్ళీ వేశాడు. ఎర్రలైటు వెలిగింది. ఆ లైటుని నమ్మే దశ దాటిపోయిందతను. కృష్ణవేణి వచ్చేదాకా తీస్తున్నట్టు కనబడితే చాలని, దాన్ని స్టాండు మీద పెళ్లికొడుకు వైపు తిప్పి పెట్టి, పక్కన నిలబడి అప్పుడప్పుడూ ఏదో మీట తిప్పుతున్నట్టు నటించసాగాడు.

కాంతం వెళ్ళి పెళ్లికొడుకు పక్కన చతికిలబడింది. "ఏం బాబూ, పొద్దున్నేం తిన్నారు?"

"పెసరట్టు ఉప్మా అండి."

"నిన్న?"

సాయిదుర్గాప్రసాద్ కాస్త ఆలోచించాడు. "ఇడ్లీ అండి."

"మీ అమ్మగారి పుట్టిల్లేవూరు?"

"అంబాజీపేట అండి."

"ఇవాళేం వారం?"

అల్లుణ్ణి ఇలా పరీక్షించడం మలికిపురం వైపు ఆచారం కాబోలని సాయిదుర్గాప్రసాద్ అనుకున్నాడు. ఉద్యోగానికి వెళ్ళిన ఇంటర్వ్యూలోలా వీపు నిటారుగా పెట్టి, "ఆయ్, బుధవారం అండి," అన్నాడు. ఇదంతా సవ్యంగానే ఉండడంతో కాంతం మనసు కుదుటపడింది. లేవబోతూ, ఊరికే, చనువు కొద్దీ అడిగింది. "ఇంతకీ నేనెవర్ని బాబూ? పెళ్లిచూపుల్లో చూసేరుగా?"

అతను ఆవిడ మొహంలోకి శ్రద్ధగా చూశాడు. "మావయ్యగారి అమ్మగారు కదాండి."

కాంతం లేచి సరాసరి తమ్ముడి దగ్గరకి నడిచింది. "నిజమేరా. పూర్తిగా పోయింది. నన్ను పట్టుకుని నీకు అమ్మనంటున్నాడు!"

ఇక బంగారరాజు ఆగలేదు. బుచ్చిరాజు రెక్క పట్టుకుని పందిరి బయట కొబ్బరిచెట్ల కిందకి తీసుకెళ్ళాడు.

"బుచ్చిరాజుగారూ, నా కూతురి జీవితమండి. దాచకండి. మెమరీ పోయిందా?"

బుచ్చిరాజు దొరికిపోయాక దాచి ప్రయోజనం లేదనుకున్నాడు. "పోయిందండి."

"ఇవాళేనా, ఇంతకుముందు కూడానా?"

"ఆయ్, ముక్కామల పెళ్లిలో కూడా పోయిందండి."

బంగారరాజు చెట్టు పట్టుకున్నాడు. "ముక్కామల పెళ్లా! అంటే ఇది రెండోదా?"

"మూడోదండి. మొదటిది బండారులంకండి."

"మరి వాళ్ళేం అనలేదాండి? ఆ ఆడపిల్లల వాళ్ళు?"

"కాస్త బాధపడ్డారండి. ఫొటోలు చూసుకుని సర్దుకుపోయేరండి."

"వియ్యంకుడు సూర్యారావుగారి లాంటి పెద్దమనిషి కడుపున..." అన్నాడు బంగారరాజు తనలో తను. బుచ్చిరాజుకి అది సరిగ్గా వినబడలేదు. పశ్చాత్తాపంలో మునిగి ఉండి, మిగిలిన నిజం కూడా కక్కేశాడు.

"అసలుది కాదండి బాబూ. పైన పేరు మాత్రమే వాళ్ళదండి. లోపలున్నది వేరేవాళ్ళదండి. పోలికలు అచ్చుగుద్దినట్టుంటాయి కాబట్టి ఎవరూ కనిపెట్టలేరండి."

సూర్యారావు పెళ్లికొడుకు తండ్రి. కొత్తపేటలో పదిమందీ మాట వినే మనిషి. పందిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని కాఫీ తాగుతున్నాడు. బంగారరాజు నేరుగా వచ్చి ఆయన ముందు నిలబడి, చేతులు జోడించి మరీ అడిగాడు. "బావగారూ, ఏమీ అనుకోకండి. మీ అబ్బాయి మీ అబ్బాయేనాండి?"

సూర్యారావు చేతిలో కాఫీ గ్లాసు ఒలికింది. "ఏమన్నారండీ?"

"లోపల వేరేవాళ్ళదని తెలిసిందండి. ముందే రెండు పెళ్లిళ్ళయినట్టు కూడా తెలిసిందండి."

ఆ ప్రాంతంలో కోపం పెరిగేకొద్దీ మాటల్లో అండీలు పెరుగుతాయి. సూర్యారావు లేచాడు. "తమరికి మతిపోయిందాండీ?"

"మతిపోయింది మాక్కాదండీ, మీ అబ్బాయిగారికండీ!"

"మర్యాదగా మాట్లాడండీ!"

"మర్యాదగానే అడుగుతున్నానండీ! ఎవరబ్బాయండీ?"

రెండువైపుల బంధువులూ లేచారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరు ఎవర్ని ఆపుతున్నారో, ఎవరు తోస్తున్నారో తెలియడం లేదు. సన్నాయి వాయించే ఆయన ఇలాంటప్పుడు మానాలో వాయించాలో తెలియక, కొంచెం కొంచెంగా వాయిస్తున్నాడు. పురోహితుడు లగ్నం దగ్గరపడుతోందని అరిచాడు. ఆయన గోడు విన్నవాళ్ళు లేరు.

అరుపులకి పెళ్లికూతురు సత్యశ్రీ గదిలోంచి గుమ్మంలోకి వచ్చింది. మేనత్త కాంతం ఏడుస్తూ చెప్పిన దాంట్లో సగమే అర్థమైంది. ఆ సగమే చాలినంత ఉంది. తలవంచుకుని ఉండాల్సిన వేళ తలెత్తి, పందిరి మధ్యలో బిక్కమొహంతో కూర్చున్న సాయిదుర్గాప్రసాద్‌నే అడిగింది. "ఏమండీ, మీకు ఇదివరకు పెళ్లయిందా?"

"లేదండి," అన్నాడతను. "ఇవాళ అవుతుందనుకున్నానండి."

సరిగ్గా అప్పుడే పందిరి ముందు కారు ఆగింది. అందులోంచి, చెదిరిన జుట్టుతో, చేతిలో పెద్ద సంచీతో ఒకావిడ దిగి, పరుగులాంటి నడకతో లోపలికి వచ్చింది. "మూడుముళ్ళు పడిపోయేయాండి? మా ఆయనెక్కడండి?"

కాంతం గుండెల మీద చెయ్యి వేసుకుంది. "వచ్చేసింది! ముక్కామలావిడ!"

"ముక్కామలేంటండి? మాది అమలాపురమండి," అంది కృష్ణవేణి.

"అమలాపురంలో కూడానా!" అంటూ బంగారరాజు అక్కడే కూలబడ్డాడు.

ఎవరూ తన వైపు చూడకపోతే బాగుండునని బుచ్చిరాజు స్టాండు వెనక్కి జరిగాడు. కృష్ణవేణి అతన్ని చూడనే చూసింది. "ఇక్కడున్నారా! టేపు కెమెరా తెచ్చేను, పట్టుకోండి. ఆ చవక మెమరీ కార్డు వద్దు మొర్రో అంటే విన్నారు కాదు. ఇప్పుడు చూడండి, పెళ్లికొడుకు ఊరేగింపంతా పోయింది!"

పందిట్లో ఉన్న మొహాలన్నీ, ఒకదాని తర్వాత ఒకటి, బుచ్చిరాజు వైపు తిరిగాయి.

"కార్డా?" అన్నాడు బంగారరాజు.

"ఆయ్. నేను మొదట్నుంచీ దాని గురించే చెప్తున్నానండి," అన్నాడు బుచ్చిరాజు నీరసంగా.

విషయం తేలిపోయింది గానీ సూర్యారావు కోపం తేలిపోలేదు. బంగారరాజు రెండు చేతులూ పట్టుకుని ఎంత బతిమాలినా విదిలించుకున్నాడు. "పదిమందిలో నా కొడుకు నా కొడుకు కాదన్నారండి. ఇక్కడింక మంచినీళ్ళు కూడా ముట్టుకోమండి. లేవరా ప్రసాదూ, పోదాం!"

సత్యశ్రీ గుమ్మంలో అలాగే నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. సాయిదుర్గాప్రసాద్ ఆమెను చూశాడు. తండ్రిని చూశాడు. లేవలేదు.

"పొద్దున్నించీ వీళ్ళడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పేను నాన్నగారూ. పాసయ్యేనో లేదో తెలుసుకోకుండా ఎలా రమ్మంటారు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గుమ్మంలోంచి చిన్న గొంతు వినబడింది. "పాసయ్యేరండి."

"నేనెవర్నన్న ప్రశ్న ఒక్కటే తప్పేడు," అంది కాంతం కచ్చితంగా.

దాంతో మొగపెళ్లివారి వైపు ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. సూర్యారావు మీసాలు కొంతసేపు బిగుసుకుని ఉండి, చివరికి అవీ కదిలాయి. "సరే కానివ్వండి బావగారూ. ముందు ఆ కాఫీ ఇంకోటి తెప్పించండి," అని కూర్చున్నాడు. లగ్నం దాటకుండా జీలకర్రా బెల్లం పెట్టారు, మూడుముళ్ళూ పడ్డాయి. కెమెరా బుచ్చిరాజు చేతికివ్వకుండా పెళ్లంతా కృష్ణవేణే టేపు మీద తీసింది. పనసపొట్టు కూర అతనికి సయించలేదు.

మర్నాడు ఆ చవక కార్డుని కాలవలో పారేసే ముందు, ఏమైనా మిగిలిందేమో చూద్దామని కృష్ణవేణి దాన్ని కంప్యూటర్‌కి పెట్టింది. ఊరేగింపు ఒక్క ముక్క కూడా లేదు. కాంతం పెసరట్టు దగ్గర మొదలుపెట్టిన పరీక్ష నుంచి "పాసయ్యేరండి" దాకా మాత్రం అంతా ఉంది. రంగులు చెదరలేదు, ఒక్క మాటా పోలేదు. స్టాండు మీద కదలకుండా ఉన్న కెమెరా కాబట్టి, బుచ్చిరాజు చేత్తో తీసిన వాటికంటే బాగా వచ్చింది కూడా.

"చెరిపెయ్యి, చెరిపెయ్యి!" అన్నాడు బుచ్చిరాజు. కృష్ణవేణి చెరపలేదు. మిక్సింగ్ చూసుకోవడానికి రెండు కుటుంబాలూ స్టూడియోకి వచ్చినప్పుడు, "మేమందరం కొట్టుకున్నది రాలేదాండి? నేను గదిలో ఉండి సగం చూళ్ళేదు," అని సత్యశ్రీ అడగ్గానే వేసి చూపించింది. బుచ్చిరాజు షట్టర్ దగ్గర, పారిపోవడానికి వీలుగా నిలబడ్డాడు.

బంగారరాజు చేతులు జోడించి "మీ అబ్బాయి మీ అబ్బాయేనాండి?" అని అడిగే చోటుకొచ్చేసరికి, సూర్యారావు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. కాంతం తనని తాను తెర మీద చూసుకుని, "అల్లుడి తప్పేం లేదులే. ఆ చీర కట్టుకోకుండా ఉండాల్సింది," అంది. తాళి కట్టే ఘట్టం చూడకుండానే అందరూ భోజనాలకి లేచారు. వెళ్తూ వెళ్తూ సూర్యారావు ఆ గొడవ డీవీడీలు బంధువులందరికీ పంచేటన్ని కావాలని చెప్పాడు.

అవి కొత్తపేట, రాజోలు, మలికిపురం అంతటా తిరిగాయి. చూసినవాళ్ళు చూడనివాళ్ళకి ఇచ్చారు. బుచ్చిరాజు అసలు కార్డు కొనుక్కుని, ఇక బుద్ధిగా బతుకుదామని నిశ్చయించుకున్న రోజుల్లో, రాజోలు నుంచి ముత్యాలరాజు అనే ఆయన కూతురి పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చాడు. బుచ్చిరాజు కొత్త కార్డు బయటికి తీసి, ఇందులో ఏదీ పోయే ప్రసక్తే లేదని ఎంతో వివరంగా చెప్పాడు. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అదంతా సరేనండి. గొడవ తమరే పెట్టిస్తారాండి, మేం చూసుకోవాలాండి?"