పదమూడు సంతకాల బాకీ

ఆ ఉదయం యువరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి టెక్కలిలో బండి తీయడం, తొమ్మిదికల్లా జీడివలస చేరి చిన్నమ్మి అనే ఆవిడతో ఆసుపత్రి బాకీ గురించి రెండు ముక్కలు మాట్లాడటం, పదింటిదాకా తిట్లు తినడం, ఆ తర్వాత వెనక్కొచ్చి ఇడ్లీ తినడం. బాకీలు వసూలు చేసే ఉద్యోగంలో ఏడేళ్లుగా ఉన్నవాడు కాబట్టి తిట్లకు కూడా విడిగా టైము పెట్టుకునేవాడు.

ఆ ఏడేళ్లలో ఆరేళ్లు మోటారు సైకిళ్ల అప్పులే చూశాడు. వాటిలో దాపరికం ఏమీ లేదు. వీధిలో నిలబడి ఎంత గట్టిగా అరిస్తే అంత తొందరగా డబ్బు వచ్చేది. ఆసుపత్రి బాకీలకు మారిన మొదటి రోజే మేనేజరు శ్యాంసుందర్ తలుపు వేసి మరీ చెప్పాడు.

"పేషెంటు జబ్బేంటో, బిల్లెంతో, అసలు బాకీ ఉందన్న సంగతీ పేషెంటుకి తప్ప పురుగుక్కూడా తెలీకూడదు. నీ ముందువాడు నాలుగిళ్లకి వినబడేలా ఒకావిడ ఆపరేషన్ పేరు చెప్పాడు. ఇప్పుడు వాడు కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు, వాడి వెనక నేను తిరుగుతున్నాను. అర్థమైందా?"

యువరాజుకు బాగా అర్థమైంది. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది.

చిన్నమ్మికి యాభై ఏళ్లు. భర్త పోయాక జీడివలస బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట చేసి బతుకుతోంది. పోయినేడు కాళ్లు వాస్తే చూపించుకుంది. కిడ్నీ జబ్బు మొదలైందన్నారు. ఇంటింటా కిడ్నీ రోగులుండే ఉద్దానం మనిషికి ఆ మాట కొత్తది కాదు. ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉచితమే. కానీ అక్కడ వరుసలో నిలబడితే ముందు ఇద్దరూ వెనక ముగ్గురూ సొంత ఊరివాళ్లే ఉంటారు. సంగతి బయటపడితే "రోగిష్టి మనిషి, వంటేం చేస్తుంది" అని బడి గరిటె లాక్కుని తోడికోడలు అప్పలమ్మకు ఇచ్చేస్తారు. అప్పలమ్మ ఆ గరిటె కోసం రెండేళ్లుగా కాచుకుని ఉంది. అందుకని చిన్నమ్మి ఇచ్చాపురంలో చెల్లెలింటికి వెళుతున్నానని ఊళ్లో చెప్పి, టెక్కలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అయిదు రోజులు పడుకుంది. ఆ దాపరికం ఖరీదులో ఇంకా నలభై ఎనిమిది వేలు బాకీ మిగిలింది.

జీడివలస టీకొట్టు దగ్గర యువరాజు బండి ఆపాడు. చంకలో ఫైలు, చేతిలో వేలిముద్రల ఇంకు డబ్బా. టీ తాగుతున్న పెద్దమనిషి వైకుంఠరావు పైనుంచి కిందికి చూశాడు.

"ఎవులింటికి బాబూ?"

"చిన్నమ్మి గారింటికండి."

"బడికాడుంది. ఒంటిగంటన్నరకి గానీ రాదు. ఏటి పని?"

"ఆవిడతోనే మాట్లాడాలండి. ఇంకెవరికీ చెప్పకూడదు."

"మాకు సెప్తే ఏటౌతాది?"

"నా ఉద్యోగం పోతుందండి."

వైకుంఠరావు గ్లాసు కింద పెట్టాడు. "డబ్బు సంగతేనా? అదైనా సెప్పు."

"అదీ చెప్పకూడదండి" అన్నాడు యువరాజు. పనిచేసే చోటికి వెళ్లి అడగకూడదనేది ఇంకో నియమం కనుక, వెళ్లి చిన్నమ్మి ఇంటి అరుగు మీద బుద్ధిగా కూర్చున్నాడు.

పోయినేడు పక్క ఊళ్లకు భూసేకరణ ఆఫీసువాళ్లు కూడా అచ్చం ఇలాగే వచ్చారు. ఫైలు, ఇంకు డబ్బా, అడిగినదానికి జవాబు చెప్పని మొహం. ఆర్నెల్లు తిరక్కుండా అక్కడివాళ్ల ఖాతాల్లో మూలపేట పోర్టు రోడ్డు తాలూకు నష్టపరిహారం లక్షల్లో పడింది. చిన్నమ్మి పేరున ఒక జీడితోట ఉంది. పేరు ఆమెదే గానీ తాతలనాటి నుంచి పంపకాలు లేని ఉమ్మడి తోట. టీకొట్టు దగ్గర ఈ రెండు సంగతులూ ఒకదాని పక్కన ఒకటి చేరడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

మొదట వచ్చినవాడు చిన్నమ్మి మరిది సింహాచలం. జీడిపిక్కలు ఏరుతూ ఏరుతూ కబురు విని పరుగెత్తుకొచ్చాడు. ఆ తోట తగాదా వల్లే, అన్న చనిపోయిన నాటి నుంచి అతనికి వదినతో మాటల్లేవు. రొప్పుతూనే మొదలుపెట్టాడు.

"నాను సింహాచలాన్ని. చిన్నమ్మి నాకు సొంత వొదిన. ఆవిడదేదున్నా అందల సగం నాది."

"దేంట్లో బాబాయ్?"

"నువ్వొచ్చిన పన్లోనే. నాకంతా తెల్సు."

ఇంట్లోవాళ్లకు చెప్పుకుందన్నమాట అనుకున్నాడు యువరాజు. "తెలిసి కూడా సగం మీదంటున్నారా?"

"అనడమేటి, ఏ కోర్టులోనైనా సెప్తాను. సగం నాది. అంతకి పైసా తగ్గితే ఒప్పుకోను."

యువరాజు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఈ ఏడేళ్లలో కన్నతండ్రిని ఎరగనన్న కొడుకును చూశాడు, బాకీదారు చనిపోయాడని బాకీదారే ఏడుస్తూ చెప్పడం చూశాడు. ఎదురొచ్చి సగం నాదన్న మనిషిని చూడటం ఇదే మొదలు. ఫైలు అడుగున 'బాధ్యత స్వీకార పత్రం' అని ఒకటుంది. రోగి బాకీని ఇంకొకరు తమ మీద వేసుకుంటే సంతకం చేయించే కాగితం. గోప్యత కోసం దానిమీద రోగి పేరు గానీ ఆసుపత్రి పేరు గానీ ఉండదు, ఒక నెంబరు మాత్రం ఉంటుంది. దాన్ని బయటికి తీయడం యువరాజుకు అదే మొదటిసారి.

"ఒకసారి చదివి పెట్టండి బాబాయ్."

"సదివేదేటుంది? ఎక్కడెట్టాలో సెప్పు."

సింహాచలం కాగితం మీంచి పెన్ను ఇంకా ఎత్తనేలేదు, వైకుంఠరావు పక్కకు చేరాడు. "మా తాతా ఈల తాతా ఒక తల్లి బిడ్డలు. మాకూ ఉంది."

"మా నాన్న ఈలకి పదేళ్లు సాకిరీ సేసినాడు. నాకు కొంచెమైనా రాయాల బాబూ" అన్నాడు చిట్టిబాబు అనే పొరుగింటివాడు.

తండ్రి పదేళ్లు సాయం చేసింది చాలక బాకీలో కూడా చోటిమ్మంటున్న ఆ మనిషిని చూసి యువరాజుకు నిజంగానే కళ్లు చెమర్చాయి. చదవండి, చదవండి అని ప్రతివాడినీ బతిమాలాడు. చదువుతూ కూర్చుంటే వెనకవాడు ముందు పెట్టేస్తాడని ఎవరూ చదవలేదు. ఇంతలో సింహాచలం భార్య అప్పలమ్మ వచ్చింది.

"అక్కా నానూ ఒకటే బాబూ. మా పేరు గట్టిగా రాయి."

"గరిటి కోసం దెబ్బలాడుకున్నారు గదేటి?" అన్నారెవరో వెనక నుంచి.

"ఎవుడ్రా అన్నోడు? ఆ గరిటి మా యక్కది. అక్క ఒంట్లో ఓపికున్నంతకాలం నాను దాని జోలికెల్తే నా మీదొట్టు. పదిమందీ ఇనండి!"

పదిమందీ విన్నారు. పదకొండింటికి సంతకాలు, వేలిముద్రలు కలిపి పదమూడయ్యాయి. యువరాజు మేనేజరుకు ఫోన్ చేశాడు.

"పదమూడు మంది బాధ్యత తీసుకున్నారు సార్."

"తాగున్నారా?"

"లేదు సార్, ఇంకా పదకొండే."

"నువ్వు తాగావా?"

"ఇడ్లీ కూడా తినలేదు సార్."

శ్యాంసుందర్ ఆ అంకె ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏ ఊరన్నావు?" అని అడిగాడు.

ఒంటిగంటన్నరకి చిన్నమ్మి వీధి మలుపు తిరిగింది. తన అరుగు మీద ఫైలుతో మనిషి, చుట్టూ సగం ఊరు. అయిపోయింది, అందరికీ తెలిసిపోయింది అనుకుంది. ఇన్నాళ్లు ఉప్పు మానేసి, నీళ్లు కొలుచుకు తాగి, ఎవరికీ తెలియకుండా మాత్రలు మింగి కాపాడుకున్న గరిటె ఇక ఉండదు. అప్పుడు సింహాచలం ఎదురొచ్చాడు, ఆరేళ్ల తర్వాత.

"వొదినా, నీకేటి బయం నేదు. నీది నాది కాదా? సగం నా పేరున రాయించీసినాను."

చిన్నమ్మి అతన్నే చూస్తూ నిలబడిపోయింది. "నీకు తెల్సిపోనాదా, సింహాచలం? నానెవులికీ సెప్పకుండా..."

"అమ్మా!" అని యువరాజు పరుగున వచ్చి అడ్డం పడ్డాడు. "మీరేమీ చెప్పనక్కర్లేదు. చెప్పడం, చెప్పకపోవడం మీ హక్కు." ఆమెను ఇంట్లోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"ఆలకి సెప్పీసినావా బాబూ?"

"దేవుడి తోడు, ఒక్క ముక్క చెప్పలేదమ్మా."

"మరెందుకెట్టినారు సంతకాలు?"

"అదే నాకూ తెలియట్లేదమ్మా. మీ ఊరివాళ్లు మనుషులేనా?" అన్నాడు యువరాజు. ఆ మాట అతను తిట్టుగా అనలేదు.

ఇద్దరూ బయటికి వచ్చేసరికి పదమూడుగురూ వరుసలో ఉన్నారు. బాకీ ఎంతో మాత్రం చెప్పమని, దేనికో చెప్పొద్దని చిన్నమ్మి అనడంతో యువరాజు గొంతు సవరించుకున్నాడు.

"మొత్తం నలభై ఎనిమిది వేలు."

"అంతేనా?" అన్నాడు వైకుంఠరావు నిరాశగా.

"సింహాచలం బాబాయ్ సగమన్నాడు కాబట్టి ఇరవై నాలుగు వేలు. మిగతా పన్నెండు మందికీ తలా రెండు వేలు. నగదా, ఫోన్లోనా?"

"నగదే" అన్నారు అందరూ, చేతులు చాపి.

"మంచిది. అయితే తీయండి."

"ఏటి తియ్యడం?" అన్నాడు చిట్టిబాబు.

యువరాజు పత్రం పైకెత్తి చదివాడు. 'పై నెంబరు గల బాకీలో నా వంతు సొమ్ము నా ఇష్టపూర్తిగా చెల్లించగలనని' అనే దగ్గరకు వచ్చేసరికి చాపిన చేతులన్నీ వెనక్కి వెళ్లిపోయాయి.

"బాకీయా? దేని బాకీ?" అని వైకుంఠరావు కేకేశాడు.

"అది చెప్పకూడదండి."

"కట్టీవోలికి కూడా సెప్పవా?"

"ఆవిడ చెప్పమంటేనే చెప్పాలి. బలవంతం లేదండి, ఇష్టం లేనివాళ్లు విరమించుకోవచ్చు. వెనకపక్క 'విరమణకు కారణం' అని గడి ఉంది. సంతకం ఎందుకు పెట్టారో, ఇప్పుడెందుకు వద్దంటున్నారో రెండు మాటలు రాసిస్తే ఇక్కడే పేరు కొట్టేస్తాను."

పదమూడుగురూ ఆ గడి వైపు చూశారు. విధవరాలి సొమ్ములో వాటా వస్తుందనుకుని పెట్టామని రాయడానికి ఆ గడిలో చోటు చాలినంత ఉంది. పెన్ను చేతులు మారింది గానీ ఒక్కరూ రాయలేదు. గుమ్మంలో చిన్నమ్మి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. తన జన్మలో ఇంతమంది తనవాళ్లున్నారని ఆమె ఎరగదు.

సింహాచలం నోరు తెరిచాడు, విరమించుకుందామనే. అప్పుడే అతని చూపు ఆమె పాదాల మీద పడింది. చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. అన్నకు మొదట్లో కాళ్లు సరిగ్గా అలాగే వాచాయి. అప్పుడు అన్న కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ బాకీ దేనిదో సింహాచలానికి ఇక ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అతనికి తన మీద తనకే చెప్పలేనంత సిగ్గు వేసింది.

ఇంటికి వెళ్లి, ఆ వారమే పిక్కలు అమ్మి దాచిన డబ్బు సంచీతో సహా తెచ్చి యువరాజు ముందు పెట్టాడు.

"సగం నాదే" అన్నాడు.

"ఎర్రి గానీ ఎక్కిందేటి? దేనికో తెలీకుండా..." అని అప్పలమ్మ గుడ్లురిమింది.

"నువ్వూరుకో" అన్నాడు సింహాచలం. ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు జేబులు తడుముకోక తప్పలేదు. లేనివాళ్లు చేబదులు తెచ్చుకున్నారు. అందరూ వెళ్లాక సింహాచలం గుమ్మం దగ్గర తల వంచుకుని మెల్లగా అన్నాడు.

"రేపట్నుంచి పెద్దాసుపత్రికే ఎల్దుం వొదినా. నాను దిగబెట్టి, నీ బదులు వరసలో నిలబడతాను. ఎవులడిగినా ఇచ్చాపురం ఎల్తన్నామని సెప్పు."

చిన్నమ్మి తల ఊపింది.

టెక్కలి ఆఫీసులో శ్యాంసుందర్ ఆ పదమూడు సంతకాలనూ కళ్లద్దాల్లోంచి ఒకసారి, అద్దాలు తీసి ఒకసారి చూశాడు. అది మనుషులుండే ఊరేనా, నేనూ ఒకసారి వెళ్లి చూసి రావాలి అన్నాడు. యువరాజు చెప్పులు విప్పి వెళ్లమన్నాడు.

సంతకాలు పెట్టినవాళ్లను మాత్రం ఆ కాగితం సంగతేమిటని ఎవరైనా అడిగితే, పదమూడుగురూ ఈ రోజుకీ అది చెప్పకూడదని, చెబితే కేసవుతుందని అంటున్నారు.