మూడు నిమిషాలు ఎవరూ కదలొద్దు

ఆ రోజు పొద్దున పార్సెల్ ఆఫీసు బుకింగ్ గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా ఆఫీసు చేరాలి. పదింటికి పని ఊపందుకోగానే ఒక్క ఫోటో తియ్యాలి. పదకొండు లోపు దాన్ని పెద్దాఫీసుకి పంపాలి. ఇంత మాత్రానికి ఆయన అయిదింటికే లేచి కూర్చున్నాడు. మనిషికి ఉత్సాహం మరీ ఎక్కువైతే తనకి నిద్ర పట్టదు, ఇంట్లోవాళ్ళనీ పట్టనివ్వడు.

ఆయన్ని ఆఫీసులో అందరూ ఫోకస్ అంటారు. మూడు నెలల కిందట కూతురు ఆయన ఫోన్లో ఒక కెమెరా యాప్ వేసి పెట్టింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఏ వస్తువూ ఉండాల్సిన చోట ఉండడం లేదు. నీడ జైలు ఊచల్లా పడాలని దువ్వెన గోడవారకి చేరింది. ఆ పొద్దున కూడా భార్య తన కుట్టు దుకాణం తాళంచెవుల కోసం ఇల్లంతా గాలించింది. అవి చివరికి నీళ్ళ గ్లాసు వెనక దొరికాయి. నీళ్ళలోంచి చూస్తే తాళంచెవి తిరగబడి కనిపిస్తుందని ఆయన ఆమెకి ఎంతో సంబరంగా వివరించాడు. ఆమె తాళంచెవులు కొంగుకి కట్టుకుని, ఇంక వాటి జోలికి రావద్దని చెప్పింది.

సంబరం సంగతి అలా ఉంచితే, అసలు విషయం పెద్దదే. వారం కిందట పెద్దాఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మీ శాఖకి ఎనిమిది మంది ఎక్కువనిపిస్తోంది, ఒకరిని గోదాముకి మార్చేస్తాం అని దాని సారాంశం. అందరికీ చేతినిండా పనుందంటారా, పని జోరుగా సాగుతున్నప్పుడు తీసిన ఫోటో ఒకటి పంపండి, చూసి నిర్ణయిస్తాం అన్నారు. గోదాము అంటే రెండు బస్సులు మారాలి, చీకటితో వెళ్ళి చీకటితో రావాలి. ఫోకస్ ఇల్లు ఆఫీసు వెనక వీధిలోనే. భార్య దుకాణం ఆ వీధి మొదట్లో, కూతురి బడి చివర్లో. మధ్యాహ్నం ముగ్గురూ ఇంటికొచ్చి కలిసి తింటారు. తననే గోదాముకి మారిస్తే ఆ భోజనం పోతుంది. ఈ ఆపద తన ఫోన్‌తోనే గట్టెక్కాలి అనుకున్నాడు.

"ఏమండీ, అందరూ కనపడేలా మామూలుగా ఒకటి తీసి పంపండి, చాలు," అంది భార్య గుమ్మంలో చెప్పులేసుకుంటూ.

"మామూలు ఫోటోలో మనుషులుంటారే, పని ఉండదు. పని కనపడాలంటే వేగం కనపడాలి," అన్నాడాయన.

వేగం కనపడే చిట్కా ఒకటి ఆ యాప్‌లో ఉంది. మామూలుగా కెమెరా రెప్పపాటు చూసి కన్ను మూసేస్తుంది. ఈ చిట్కా నొక్కితే అరనిమిషం, నిమిషం, మనం చెప్పినంతసేపు కన్ను తెరిచే ఉంచుతుంది. అంతసేపూ కదలకుండా ఉన్నవి స్పష్టంగా పడతాయి, కదిలినవి గీతలై, పొగలై సాగిపోతాయి. దీంతో కుళాయి నీళ్ళని పట్టు దారంలా తీసిననాడు ఆయన అన్నం తినడం కూడా మరిచిపోయాడు.

పదింటికి ఆఫీసు నిజంగానే జోరు మీదుంది. తూకం దగ్గర కూర్చునే అక్క, ఖాళీగా ఉన్న ఫోకస్ కౌంటర్ పని కూడా అందుకుని రెండు చేతులా రసీదులు చింపుతోంది. సార్టింగ్ వాళ్ళిద్దరూ అరల మధ్య పరుగులు తీస్తున్నారు. కంప్యూటర్ ముందు టైపిస్టు వేళ్ళు కనబడడంలేదు. హమాలీ బస్తా దించి బస్తా ఎత్తుతున్నాడు. మేనేజరు పగిలిన పెట్టె ఒకటి పట్టుకుని అందరి చుట్టూ తిరుగుతున్నాడు. డెలివరీ కౌంటర్లో ఒక్కరే తీరికగా ఉన్నారు. ఆయన పేరు నిద్రగన్నేరు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, పదకొండేళ్ళ సర్వీసులో సంపాదించుకున్నది. ఆయన నుదుటికి చెయ్యి ఆనించి, రిజిస్టరు మీదికి వంగి, రాయిలా కదలకుండా నిద్రపోతున్నాడు.

ఫోకస్ తలుపు దగ్గర స్టాండు పెట్టి, ఫోన్ బిగించి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. అరనిమిషం తర్వాత తెర మీద వచ్చిన బొమ్మ చూసి ఆయన ఒళ్ళు పులకరించింది. గదినిండా వేగం. ఇటునుంచి అటు తెల్లటి పొగలు, నీలం చారలు. ఇది చూసి కూడా పని లేదనే మొనగాడు పుట్టలేదనుకున్నాడు. మేనేజరు పగిలిన పెట్టె గొడవలో ఉండి, చూడకుండానే పంపెయ్యమన్నాడు. పదకొండుకి పది నిమిషాలుందనగా ఫోటో పెద్దాఫీసుకి చేరింది.

పదకొండున్నరకి మేనేజరు బల్ల మీది ఫోన్ మోగింది. అవతల సిబ్బంది విభాగం అధికారిణి.

"ఎనిమిది మందని రాశారు. ఫోటోలో ఒక్కరే ఉన్నారు," అందామె.

మేనేజరు ఫోకస్ చేతిలోని ఫోన్ లాక్కుని అప్పుడు చూశాడు. నిజమే. తుడిచి పెట్టినట్టున్న ఆఫీసులో నిద్రగన్నేరు ఒక్కడే, కాలరు మీద కుట్లతో సహా కనిపిస్తూ, రిజిస్టర్లో లీనమై ఉన్నాడు. మిగతా జనం గాల్లో కలిసిపోయారు.

"అందరూ ఉన్నారండీ. కాస్త పొగలా కనిపిస్తారు," అన్నాడు మేనేజరు.

"పొగా? ఆఫీసులోకి పొగెలా వచ్చింది?"

"పని వల్లండీ."

అవతలివైపు ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. మేనేజరు అప్పటికి గండం గడిచిందనుకున్నాడు. అక్కడ ఆవిడ డ్రైవర్ని పిలిచి, మెట్ల కింద ఉన్న మంటలార్పే ఎర్ర సిలిండర్లు రెండు కారులో పెట్టించుకుని బయల్దేరిందని ఆయనకి తెలీదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందని మేనేజరు ఫోకస్‌ని దులిపేశాడు. వెంటనే మామూలు ఫోటో తియ్యమన్నాడు. తీద్దామంటే కౌంటర్ల ముందు డజను మంది పార్సెళ్ళ కోసం నిలబడి ఉన్నారు, వాళ్ళ వీపులే పడుతున్నాయి. అప్పుడు ఫోకస్‌కి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఈసారి మూడు నిమిషాలు కన్ను తెరిచి ఉంచుదాం. వచ్చేపోయే జనం కదులుతారు కాబట్టి మాయమైపోతారు, మనవాళ్ళు కదలరు కాబట్టి శిల్పాల్లా మిగులుతారు. వినడానికి ఎంత సబబుగా ఉందంటే మేనేజరు కూడా తలూపాడు.

అందరూ తలో భంగిమ ఎంచుకున్నారు. అక్క తూకం ముల్లు మీద చూపు నిలిపింది. మేనేజరు కలం ఎత్తి కాగితం మీదికి దించబోతూ ఆగాడు. హమాలీ పాపం నిజం బస్తానే భుజానికెత్తుకున్నాడు. నిద్రగన్నేరుని లేపాలా అని ఎవరో అడిగితే, ఆయనకి తర్ఫీదు అక్కర్లేదు, వదిలెయ్యండి అన్నాడు ఫోకస్.

"నేను చాలనేదాకా ఎవరూ కదలొద్దు. ఏం జరిగినా సరే," అని నొక్కాడు.

ఆఫీసు నిశ్శబ్దమైపోయింది. ముద్రల దబదబ లేదు, టేపు చింపే కీచు లేదు, బండి చక్రం మూలుగు లేదు. పదకొండేళ్ళుగా ఆ చప్పుళ్ళ జోలపాటకి అలవాటు పడిన నిద్రగన్నేరు, ఊయల ఆగితే లేచే పసివాడిలా ఠక్కున లేచాడు. ఎదురుగా పొడుగాటి వరస. పక్కన బొమ్మల్లా బిగుసుకుపోయిన సహోద్యోగులు. వీళ్ళకేమొచ్చిందో అడగాలనిపించింది గాని, ముందు వరసలో ఉన్న పెద్దాయన చీటీ చాపేశాడు. నిద్రగన్నేరు దాన్ని అందుకుని, పార్సెల్ వెతికి, ముద్ర కొట్టి ఇచ్చాడు. తర్వాత ఇంకొకటి. పదకొండేళ్ళ విశ్రాంతి ఆ చేతుల్లో ఉంది మరి, మెరుపులా కదిలాయి.

అప్పుడే అధికారిణి రొప్పుతూ లోపలికి వచ్చింది. వెనకే సిలిండర్లతో డ్రైవరు. మంటెక్కడని మేనేజర్ని అడిగింది. ఆయన కలం ఎత్తి పట్టుకుని నల్లగుడ్లు మాత్రం తిప్పాడు. అక్కని అడిగింది. అక్క తూకం ముల్లు మీంచి చూపు మరల్చలేదు. హమాలీ కాళ్ళు వణుకుతున్నాయి, నోరు మాత్రం పెగల్లేదు.

"అమ్మా, సిలిండర్లు బుకింగయితే అక్కడ పెట్టించి వరసలో రండి. వీళ్ళంతా ముందొచ్చారు," అన్నాడు నిద్రగన్నేరు తలెత్తకుండా.

ఆవిడ ఉద్యోగజీవితంలో శాఖాఫీసుల్లో కుర్చీలేసి కూర్చోబెట్టారే గాని, వరసలో రమ్మన్నవాడు లేడు. వెళ్ళి చివర నిలబడి, ఆ చేతులవైపే చూస్తూ ఉండిపోయింది. ఫోకస్ మాత్రం తెరలోంచి తల ఎత్తలేదు. జనం ఒక్కొక్కరే మంచులా కరిగిపోవడం, తనవాళ్ళు తేటగా తేలడం చూస్తూ ఆనందంలో మునిగిపోయి ఉన్నాడు. కరిగిపోతున్న వాళ్ళలో అధికారిణి కూడా ఉందన్న సంగతి ఆయన "చాలు" అన్నాకే తెలిసింది.

బస్తా ధడేలున కింద పడింది. మేనేజరు పావుగంట సేపు చేతులు నలుపుకుంటూ పొగ కథంతా విన్నవించుకున్నాడు. అధికారిణి ఓపిగ్గా విని, రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టించి వేలితో లెక్కపెట్టింది.

"మొదటిదాంట్లో ఈ డెలివరీ ఆయన ఒక్కరు. రెండోదాంట్లో మీరు ఆరుగురు. మొత్తం ఏడుగురు. రెండిట్లోనూ లేనిదెవరు?"

ఎవరూ పేరు చెప్పలేదు. కానీ చూపులకి అదుపేముంటుంది, అన్నీ స్టాండు వైపు తిరిగాయి.

"ఫోటోలు తీసింది నేనేనండీ," అన్నాడు ఫోకస్, మెచ్చుకుంటుందన్న ఆశతో ముందుకొచ్చి.

"మరి మీ కౌంటర్ పని ఆగలేదా?"

శాఖ పరువు నిలబెట్టడానికి ఇదే అదనని మేనేజరు అందుకున్నాడు. "ఒక్క క్షణం ఆగలేదు మేడమ్. ఆయన లేకపోయినా లోటే తెలీనివ్వలేదు మావాళ్ళు," అన్నాడు గర్వంగా. అన్నాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆవిడ రాసేసుకుంది.

నాలుగో రోజున ఉత్తర్వులొచ్చాయి. డెలివరీ ఆయన ఒక్కరి మీదే శాఖ నడుస్తోందనీ, ఆయన్ని కౌంటర్లన్నిటికీ పెద్దని చేస్తున్నామనీ ఒక కాగితం. బుకింగ్ గుమాస్తాని గోదాముకి మారుస్తున్నామని ఇంకో కాగితం. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిద్రగన్నేరు అపరాధ భావంతో ఫోకస్ ఇంటికొచ్చి, ఓదార్చడానికి కూర్చుని, అక్కడే ఒక కునుకు తీసి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం ఫోకస్‌కి ముద్ద దిగలేదు. ఇలాంటి భోజనాలు ఇంకెన్నో లేవని లోపల ఒకటే బాధ. నాలుగు చివాట్లు పెడదామని సిద్ధంగా ఉన్న భార్య ఆయన మొహం చూసి మానేసి, ఆదివారాలు ఎటూ మనవేగా అంటూ ఇంకాస్త వడ్డించింది. గోదాము పైకప్పు రేకులకి చిల్లులుంటాయి, పొద్దున్నే వెలుగు కడ్డీల్లా దిగుతుంది నాన్నా అని కూతురు చెప్పింది. వినగానే ఆయన కళ్ళలో మళ్ళీ ఉత్సాహం పొంగుకొచ్చింది. రేకులెటు వాలి ఉన్నాయి, సూర్యుడెటు వస్తాడు అని ఆరా తీస్తూ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఉత్తర్వు అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. కొత్త గుర్తింపు కార్డు కోసం మీ ఫోటో ఒకటి వెంటనే పంపవలెను అని. తండ్రీకూతుళ్ళు ఆ సాయంత్రమంతా కూర్చుని వెతికారు. ఫోన్లో తొమ్మిది వేల నాలుగు వందల ఫోటోలున్నాయి, ఒక్కదాంట్లోనూ ఆయన లేడు.