ముక్కలు కలపరాదు

పేక ముక్కలు కలపడం వల్ల సమాజానికి పొంచి ఉన్న ముప్పును మా వార్డు కార్యాలయం ఎట్టకేలకు కనిపెట్టింది. ఇన్నాళ్లూ ఈ సంగతి తెలియక రంగూన్‌లోని మా లమ్మడా పేట జనమంతా హాయిగా నిద్రపోయాం. (కరెంటు పోయి ఉక్కపోతకు నిద్ర పట్టకపోవడం వేరే శాఖ పరిధిలోకి వస్తుంది.)

ముప్పు బయటపడింది మా మేడ కింద సూర్యప్రకాష్ గారి కొట్టులో. తెలుగునాడు నుంచి వలసొచ్చి రేవులో బస్తాలు మోసిన తాతకు మనవడు. వీధంతా కో సూరి అంటుంది. (కో అంటే బర్మాలో అన్న.) డ్రాగన్లూ మంత్రగాళ్లూ ఉన్న రంగురంగుల ముక్కలు, ఇంటికి తీసుకెళ్లి అతికించుకునే ప్లాస్టిక్ టాంకులు, వాటికి పూసే రంగులు అమ్ముతాడు. వెనకాల బల్లలు వేసి కుర్రాళ్లను ఆ ముక్కలతో ఆడుకోనిస్తాడు. ఆ ఆటలో ఆయనకు అక్షరం ముక్క రాదు. కానీ ముక్కలు కలపడంలో ఆయనది చెయ్యి తిరిగిన పని. పోటీ పెట్టుకున్నప్పుడల్లా కుర్రాళ్లు ఆయన చేతే కలిపించుకునేవారు. కో సూరి కలిపితే మోసం ఉండదని వీధిలో పేరు.

అసలు ఆ ముక్కల పిచ్చి కొడుకు కృష్ణకుమార్‌ది. వాడి ఈడు వాళ్లు ఒక్కొక్కరే సరిహద్దు దాటి బ్యాంకాక్ పోతుంటే తల్లి జయకు గుండెల్లో రాయి పడింది. పట్టుబట్టి మొగుడి చేత కొట్టు పెట్టించింది.

"కొట్టుంటే గుంటడు కళ్ళెదుటుంటాడు. నాకదొక్కటే కావాల," అంది.

చిక్కంతా లైసెన్సు దరఖాస్తులో వచ్చిపడింది. "కార్డ్ గేమ్ అని ఇంగ్లీషులో రాసీ నాన్నా," అని కృష్ణకుమార్ చెప్పనే చెప్పాడు. కో సూరికి తన బర్మా భాష మీద గర్వం. "ఈ దేశంలో పుట్టి ఇంగ్లీషేటిరా మనకి?" అని చక్కటి బర్మా అక్షరాలతో 'ఫె ఆడు స్థలము' అని రాశాడు. అక్కడ ఫె అంటే పేక, పేకంటే జూదం. జూదశాలకు అనుమతి కోరుతూ ఫొటో అంటించి, సంతకం పెట్టి ఇచ్చిన మొట్టమొదటి పౌరుడిగా ఆయన పేరు కార్యాలయంలో మారుమోగిపోయింది.

వారం తిరక్కుండా యాదృచ్ఛిక వినోదాల పర్యవేక్షకులు ఊ మ్యా తౌంగ్ గారు గొడుగుతో, టిఫిన్ క్యారియర్‌తో, రబ్బరు ముద్రతో వేంచేశారు. (సంభాషణ బర్మా భాషలో జరిగింది. ఎవరి మర్యాదా పోకుండా తెలుగు చేశాను.)

"ఈ ఆటలో అదృష్టం ఉందా?" అని అడిగారు.

"కొంచెం ఉంటుందండీ," అన్నాడు కో సూరి.

"అది లోపలికి ఎక్కడి నుంచి వస్తోంది?" అంటూ ఆయన తలుపు వైపు, కిటికీ వైపు చూశారు.

కృష్ణకుమార్ అమాయకుడు. "ముక్కలు కలిపినప్పుడండీ," అనేశాడు.

దొంగ దారి దొరికింది. ముక్కలు కలపకూడదని నిబంధన పడింది. తరవాత ఆయన చూపు టాంకుల మీదికి మళ్లింది. పెట్టెలో విడివిడిగా ఉన్నంతసేపు అది ప్లాస్టిక్ అనీ, అతికించాక అది టాంకు అనీ తేల్చారు. కనుక ఆ ముక్కలు కూడా కలపకూడదు. బర్మా భాషలో ఇవి రెండు నిబంధనలు, రెండు ముద్రలు. తెలుగులో ఒక్క బోర్డుతో సరిపోయింది: 'ఇచ్చట ముక్కలు కలపరాదు.'

ముద్ర ఆరేలోపు మైకులో పాటలు వేసుకుంటూ సర్కారు లాటరీ బండి వచ్చింది. ఊ మ్యా తౌంగ్ గారు దాన్ని ఆపి, భక్తిగా కళ్లు మూసుకుని ఒక టికెట్టు లాగారు. (అది అదృష్టం కిందికి రాదు. ఆదాయం కిందికి వస్తుంది.)

"కలపకపోతే అదేటి ఆటే?" అని కో సూరి ఇంట్లో చిందులేశాడు.

"కలపకపోతే ఏటైపోద్ది? కొట్టుంది, గుంటడున్నాడు. నోరు మూసుకుని ఒప్పీసుకోండి," అంది జయ.

ఒప్పుకున్నాడు. కలపని ముక్కలతో ఆట ఎంత వేగంగా సాగుతుందో అప్పుడు తెలిసింది. ఎవరికి ఏ ముక్క వస్తుందో ఇద్దరికీ ముందే తెలుసు. ఎదురెదురుగా కూర్చుని, మొహాలు చూసుకుని, ఓడినవాడు లేచి వెళ్లిపోయేవాడు. కొన్నాళ్లకు కూర్చోవడం కూడా మానేశారు. కొందరు వీధే మానేసి సరిహద్దు దాటారు. కృష్ణకుమార్ మాత్రం రోజూ కొట్టు తెరిచి, బల్లలు తుడిచి, ఎవరూ కొనని డ్రాగన్ల దుమ్ము దులిపేవాడు. వాణ్ని చూస్తే నాకు జాలేసేది. జయ మటుకు మేడ మీది నుంచి తొంగి చూసి, వాడు కనబడగానే నిశ్చింతగా వంటలో పడిపోయేది.

ఊ మ్యా తౌంగ్ గారు మళ్లీ వచ్చారు. ఈసారి టీ అడిగి మరీ తాగారు. వార్డు నుంచి సైన్యానికి పంపాల్సిన కుర్రాళ్లను చీటీలు తీసి ఎంపిక చేస్తారట. కిందటిసారి చీటీలు సరిగ్గా కలపలేదని జనం గుసగుసలాడారట.

"కలపడంలో వీధంతా మీ పేరే చెప్పింది. మీరు రావాలి," అన్నారు.

కో సూరి బోర్డు చూపించాడు. "కలపరాదని తమరే కదండీ రాయించారు?"

ఆయన నిబంధనల పుస్తకం తీసి, కళ్లజోడు సవరించుకుని ఓపిగ్గా చదివారు. "ఆ నిబంధన ఆటలకు మాత్రమే. ఇది ఆట కాదు," అన్నారు. రాకపోతే కొట్టుకు తాళం పడుతుందని కూడా అంతే మర్యాదగా చెప్పారు.

కృష్ణకుమార్ చీటీ కూడా ఆ డబ్బాలోనే ఉంది. వాణ్ని సరిహద్దు దాటించేద్దామంటే, చీటీల్లో పేరున్నవాళ్లు ఊరు దాటకూడదని అప్పటికే నిబంధన పడింది.

"ఆడిది అడుక్కి తోసీండి," అని జయ మొగుడి చేతులు పట్టుకుంది.

"ఏది ఆడిదో నాకేటి తెలుస్తాదే? అన్నీ ఒక్కలాగే మడిసేరు," అన్నాడు కో సూరి. ఆ మాట అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు వార్డు కార్యాలయంలో అందరి ముందూ కలిపాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, ఎవరూ వేలెత్తి చూపకుండా కలిపాడు. ఊ మ్యా తౌంగ్ గారు లాటరీ బండి దగ్గర మూసుకున్నట్టే భక్తిగా కళ్లు మూసుకుని చీటీలు తీశారు. ఒకదాని మీద కృష్ణకుమార్ పేరుంది. ఈసారి జనంలో ఎవరూ గుసగుసలాడలేదు. కో సూరి కలిపాడు, మోసం ఉండదు.

కొట్టు ఇప్పటికీ తెరిచే ఉంది. నిబంధనలన్నీ తు.చ. తప్పకుండా పాటించినందుకు లైసెన్సు మరో ఏడాది పొడిగించారు. మొన్న కృష్ణకుమార్ సైనిక శిబిరం నుంచి ఫోన్ చేశాడట.

"ఇక్కడ టాంకులన్నీ ముందే కలిపీసున్నాయి నాన్నా," అన్నాడట.